ఒక రెక్కే కొయ్యాలి

కంచె ముందు నా నడుము దాకా ఉండేది.
తర్వాత గుండె దాకా.
గుణుపురం సంతలో వెదుళ్లు కొని, సైకిలుకి అడ్డంగా కట్టి
దారిపొడుగునా జనం చేత తిట్లు తింటూ తెచ్చి
నా తల దాటేదాకా లేపాను.
కాకిపెట్ట దాన్నీ దాటింది.

దాని పద్ధతి నాకు తెలుసు.
ముందు కట్టెల మోపు. ఆ మీద నీళ్ల డ్రమ్ము మూత.
మెడ వంచి ఒంటికన్నుతో కంచె అంచుని కొలుస్తుంది,
నేను జాకెట్టు గుడ్డ కొలిచినట్టే,
అర అంగుళం తేడా రానివ్వకుండా.
అప్పుడు ఎగురుతుంది.
కాలికి పట్టు దొరికితేనే పైన వాలుతుంది, అడ్డకర్ర తీసెయ్
అన్నాడు పశువుల కాంపౌండరు. తీసేశాను.
వల కట్టాను, వంశధారలో పని అయిపోయిన చేపల వల.
చిరుగు ఎక్కడుందో నాకన్నా ముందు దానికి తెలిసింది.

"గుడ్లన్నీ అవతలే పెట్టేస్తంది" అని మా తౌడమ్మ గోల.
"నూకలేసీది మనం, అట్లేసుకునీది ఆళ్లు."
నిజానికి కుంతలా మావుసీ ఒక్క గుడ్డూ ఉంచుకోలేదు.
కొంగులో తెచ్చి మా గడప మీద పెట్టి
"ఎక, దుయి, తిని" అని మా ఎదురుగానే లెక్కపెట్టి వెళ్లేది.

ఆదివారం చీకటి పడ్డాక పట్టుకున్నాం.
చీకట్లో కోడి వేరే కోడి. ఒళ్లో పెడితే గుడ్డల మూట.
తౌడమ్మ ఫోను లైటు పట్టింది.
ఒక రెక్కే కొయ్యాలి. రెండూ కోస్తే
సరిసమానమై ఎలాగోలా మళ్లీ లేస్తుందట.
ఒకటే అయితే తూకం తప్పుతుంది.
బయటి పది ఈకలే. కాడలో నెత్తురు కనిపిస్తే ముట్టుకోకూడదు.
బరంపురంలో పని నేర్పిన మేస్త్రీ ఇచ్చిన కత్తెర,
కాగితం కూడా కొయ్యనివ్వను దాంతో,
దాంతోనే కోశాను.
చప్పుడు గుడ్డది కాదు. గోళ్లది.
రెక్క కింద వెచ్చగా ఉంది, అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా.

పొద్దున్న మోపెక్కింది. మూతెక్కింది. కొలిచింది.
ఎగిరి, పక్కకి తిరిగిపోయి, దండెం మీది బట్టల్లో పడింది.
లేచి దులుపుకుని మళ్లీ కొలిచింది,
కొలతలో తప్పు లేదే అన్నట్టు.
నేను నవ్వాను. తౌడమ్మ నవ్వలేదు.

నాలుగో రోజు మావుసీ వచ్చింది. కొంగు ఖాళీ.
"కుకుడా కాహీ?" అంది. వెంటనే తెలుగులో,
"ఒంట్లో బాగోలేదా దానికి?"
చేసిన పని చూపించే అలవాటు కదా, రెక్క విప్పి చూపించాను.
కోసిన అంచు వెంట వేలు నడిపింది
కుట్టు చూసుకునే గిరాకీలా.
ఏమీ అనలేదు. వెళ్లిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది.
మొన్న వానల్లో కొక్కెర తెగులు తగిలి
పది రోజుల్లో ఆమె పద్దెనిమిది కోళ్లూ పోయాయి.
సున్నం చల్లి గొయ్యి పూడ్చింది నేనే.
ఆ ఖాళీ గూటి తలుపు ఇప్పటికీ పొద్దున్నే తీస్తుంది,
మాపటికి వేస్తుంది.
అవతల "తి తి తి" అని వినపడితే
ఇవతల మా పెట్ట తినడం ఆపి తలెత్తుతుంది.
నేను "బా బా" అంటే మాత్రం తాపీగా వస్తుంది.

పాత ఈక రాలి కొత్తది రావాలంటే
చలికాలం దాకా ఆగాలట.
అందాకా రోజూ పొద్దున్నే దాన్ని చంకలో పెట్టుకుని
లేపింది నేనే కాబట్టి స్టూలెక్కి
మునివేళ్ల మీద నిలబడి కంచె మీదుగా అందిస్తున్నాను.
అవతల గాజుల చేతులు రెండు.
చేతులు మారేటప్పుడు కొయ్యని రెక్క టపటపమని
నా మొహం నిండా దుమ్ము.

వీధిలోవాళ్లు చూస్తున్నారు. చూడనీ.
"కంచె దించీసుకోరాదా?" అంటుంది తౌడమ్మ.
దించుతాను. వెదుళ్లకి డబ్బు పోశాను, కొన్నాళ్లు పోనీ.

కత్తెరే పాడైంది.
పట్టుగుడ్డ మీద పెడితే కొయ్యదు, నములుతుంది.
సానపట్టేవాడు బుధవారం వస్తాడు.
దీంతో ఏం కోశావని అడుగుతాడు.