ఎడం

మాధవరంలో లారీల అడ్డా దాటాక
ఎడమచేతి వైపు మా ఛార్జింగ్ స్టేషను.
పైన సోలారు పలకలు, కింద ఆటోలు,
మూలన ఒక తెల్ల కంటైనరు.
పగలంతా తాగిన ఎండని
రాత్రికని అరల్లో దాచుకుంటుంది అది.

దానికీ గోడకీ మధ్య మూడు మీటర్లు.
పసుపు గీత గీసి నేనే వదిలించాను.
అందులో గడ్డి కూడా మొలవనివ్వను.

గజపతి గారికి ఆ జాగా మీద మనసు.
"రెండు ఆటోలు పడతాయి పెంచలమ్మా,
కాదంటే మస్తానమ్మ టీ బండి పడుతుంది,
అడుగు జాగా ఎంత పలుకుతోందో తెలుసా ఈ ఊళ్ళో?"
తెలుసు.
నా అద్దె గదిలో గ్యాసు పొయ్యికీ మంచానికీ మధ్య
పక్కకి తిరిగితేనే పడతాను.
అయినా గీత చెరపలేదు.
ఆయన రోజూ ఆ గీత మీద చెప్పు ఆనించి
ఫోను మాట్లాడతాడు.

మా నాయనమ్మ సూళ్ళూరుపేటలో
పొయ్యి ఆర్పాక కూడా బూడిదని నమ్మేది కాదు.
పక్కన చెంబుడు నీళ్ళు పెట్టుకుని
అప్పుడు నడుం వాల్చేది.
నాకున్నవి ఆరువందల సెల్లులు,
ఒక్కోటీ ఇటుకంత.
గంటకోసారి వాటి వేడి రాస్తాను,
పసిపిల్లకి జ్వరం చూసినట్టు.
ముప్ఫై రెండు. ముప్ఫై మూడు. ముప్ఫై రెండు.

రోహిణి కార్తె నాలుగో రోజు.
రోళ్ళు పగిలే ఎండ అంటారే, అది
రాత్రి రెండయినా నేలలోంచి దిగలేదు.
సముద్రం వైపు నుంచి ఆకు కదలలేదు.
ముందు వాసన వచ్చింది,
ఎవరో గోళ్ళరంగు సీసా మూత తీసినట్టు, తియ్యగా.
ఆ వెంటనే గోడమీద డబ్బా అరిచింది.

నిప్పు లేనిదే పొగ రాదని
పెద్దలన్నది కట్టెల కాలంలో.
ఇక్కడ పొగే ముందొస్తుంది.
తలుపు తీసేవాడి కోసం
నిప్పు లోపల కాచుక్కూచుంటుంది.

ఎర్ర మీట నొక్కాను.
ఆటోల పక్కన దీపాలన్నీ ఒక్కసారే పోయాయి.
ఏళుమలై తిట్టాడు, అరవంలో, మా అమ్మ దాకా వెళ్ళి.
"సగమే ఎక్కింది, తెల్లారితే కోయంబేడు నుంచి
కూరలు నువ్వు మోస్తావా?"
తొయ్యండి, అన్నాను. రోడ్డు అవతలికి. చేత్తో తొయ్యండి.
నీళ్ళ బకెట్టుతో కంటైనరు తలుపు వైపు ఉరికిన
కుర్రాడు ఇమ్మానుయేలుని
కాలరు పట్టి వెనక్కి లాగాను.
వాడి చొక్కా గుండీ ఇప్పటికీ నా జేబులో ఉంది.

ఫైరింజను వచ్చింది.
పెద్దాయన దిగుతూనే అడిగాడు,
"తలుపు ఎవరైనా తీశారా?"
లేదు.
"చుట్టూ ఏముంది?"
ఏమీ లేదు.
టార్చి వేసుకుని ఆ ఏమీలేనితనం చుట్టూ
దూరంగా ఒకసారి తిరిగొచ్చాడు.
అప్పుడు గొట్టం దించమన్నాడు.

పక్క గోడని తడుపుతూ నిలబడ్డాం.
పొగ సన్నబడింది. పోయిందనుకున్నాం.
ఐదింటికి మళ్ళీ ఒక పాయ లేచింది.
నివురు, నాయనమ్మా.

పొద్దున గజపతి గారొచ్చారు.
ఒక రాత్రి రాబడి, ఒక బ్యాటరీ అర, మోకాలిదాకా బురద.
వేళ్ళమీద లెక్కేసి నిట్టూర్చారు:
"ఇంత గోల చేసి, చివరికి ఏమీ కాలేదుగా!"
ఏమీ కాలలేదు, అన్నాను.
"నేనూ అదేగా అంటున్నది."
కాదు సార్. మధ్యలో ఒక 'ల' ఉంది.
ఆయనకి వినపడలేదు. ఫోను మోగింది.

రిజిస్టరులో నేనూ నిద్రమత్తులో
'ఏమీ కాలేదు' అనే రాశాను.
తర్వాత హంసపాది పెట్టి
పైన చిన్నగా ఆ అక్షరం దించాను.

నీళ్ళకి పసుపు గీత ఒకచోట కొట్టుకుపోయింది.
రంగు డబ్బాకి రెండొందల ఎనభై.
చీటీ రాసి
ఆయన బల్లమీద కళ్ళజోడు కింద పెట్టొచ్చాను.