మూడో నంబరు బోటు

ఆరెంజి జాకెట్టు చేతిలో పెట్టి
"రేపట్నించి నువ్వు రెస్క్యూ, దానయ్యా" అన్నాడు సాబత్ బాబు.
రోజుకు తొమ్మిది వందలు, డీజిలు వాళ్లదే.
వలెయ్యక్కర్లేదు.
పడ్డవాళ్లను ఎత్తడమే.
రెస్క్యూ అంటే ఏటని కూతుర్ని అడిగితే
"ఉద్ధార్" అంది, ఒడియా బడిలో నేర్చిన మాట.
ఉద్ధారం!
అంత పెద్ద పని మా వంశంలో ఎవరూ చేసినట్టు లేదు.

సునాపురం ఒడ్డున ఎన్ని దేశాల జెండాలో.
కార్తీకం వెళ్లి ఈశాన్యం నిలబడ్డ రోజులు.
మా వీధి వీధంతా ఇసకలో కూచుంది
పకోడీ పొట్లాలతో, చంకల్లో పిల్లల్తో.
మైకు ముందు ఒడియా మాట్లాడింది,
తర్వాత హిందీ, తర్వాత ఇంగ్లీషు.
గాలిని తిట్టుకోవడం మాత్రం
మేం తెలుగులో కానిచ్చాం.

ఆ ఆట ఏమని చెప్పను!
కాళ్ల కింద పలక, నడుముకు కొక్కెం,
పొడుగాటి తాళ్ల చివర చంద్రవంకలాంటి గుడ్డ.
తెరచాపని పడవకి కాకుండా
మనిషికే కట్టేశారు.
అల ఎక్కి, అల వదిలి,
తాటిచెట్టెత్తున కాసేపు
ఏ పనీ లేకుండా ఉంటారు.
మా అయ్య ఉంటే అడిగుండేవాడు:
"అంతెత్తు నుంచి చేపలు అవుపిస్తాయేట్రా?"

మూడో రోజు, మారిట్ అనే పిల్ల.
పొద్దున్నే నా పడవ అంచు పట్టుకుని
ఫోన్లో తన దేశం చూపించింది. ఎస్టోనియా అంట.
చలికాలం అక్కడ సముద్రం గడ్డకడుతుందట,
గడ్డ మీద కూడా ఇదే ఆటట.
నమ్మినట్టు తలూపాను.

మలుపు బోయా దగ్గర
రెండు పటాల తాళ్లు పెనవేసుకున్నాయి.
పిల్ల కొక్కెం విప్పేసింది.
విప్పకపోతే పోయేది మనిషే.
చంకల కింద చెయ్యేసి పైకి లాగాను,
పెద్ద కోనాం చేపంత జారుడు.
పసుపు పటం మాత్రం
ఎవరి కోసమూ ఆగలేదు.
సరుగుడు తోపు దాటింది.
బాహుదా మొగ దాటింది.
అటుపక్క ఆంధ్రా.

ఎక్కడికి పోయిందని
వణుకుతూ చేత్తో అడిగింది.
"మా అత్తారింటికి" అన్నాను.
వాకీటాకీలో సాబత్ బాబు:
అవతలి రాష్ట్రం, పర్మిషను, మెరైన్ పోలీసుకి లెటరు...
నాకు సరిగ్గా వినబడలేదు.
వినబడకుండా మీట నేనే తిప్పాను.

డొంకూరులో దిగేసరికి
మా అత్త గున్నమ్మ
దాన్ని పరిచి, మూలలకి రాళ్లు పెట్టి
కవళ్లు ఎండబెడుతోంది.
దిండులా ఉబ్బి నిలవట్లేదని
గొట్టాల్లో గాలి ముందే తీసేసిందట.
"అత్తా, అది లచ్చల సరుకు."
"మంచిదే. ఇసక అంటట్లేదు."
"ఇదిగో, ఈ పిల్లది."
అత్త ఆ పిల్లను కాళ్ల నుంచి జుట్టు దాకా చూసింది.
"అయితే కూకోమను. ఈ పక్క ఇంకా తడే."

కూచున్నాం. ఇంకేం చేస్తాం.
మారిట్ గొంతుక్కూచుని
చేపల్ని ఒక్కొక్కటీ తిరగేసింది,
అత్త చూపించినట్టే, తోక పట్టుకుని.
ఇద్దరూ ఏవేవో మాట్లాడుకున్నారు,
మధ్యలో నన్ను అడగలేదు.
మెడ మీద ఎండ కాల్చిన చోట
అత్త కొబ్బరినూనె రాసింది.
పొద్దు వాలాక
పటం మడిచి, పైన ఓ పొట్లం పెట్టింది.
గడ్డకట్టే ఊళ్లో పులుసు పెట్టుకోమని.

మర్నాడు అదే పటంతో దిగింది.
గాలివాలున కూచున్న జడ్జీలు
జేబురుమాళ్లు తీశారు.
మూడు గద్దలు దాని వెనకే పందెం కట్టాయి,
వాటికి నంబర్లు లేవు గానీ
మలుపులు బాగా తిరిగాయి.
మారిట్‌కి పదకొండో స్థానం.
మొహం మీద కన్నీళ్లో, ఉప్పునీళ్లో,
నా బోటు దూరంగా ఉంది.

ఆఖరి రోజు సంతకం పెట్టించుకుని
జాకెట్టు వెనక్కి తీసుకున్నారు.
ఉద్ధారం అంతటితో సరి.
మళ్లీ వల, మళ్లీ డీజిలు నాదే.

ఈశాన్యం లేచిన ప్రతిసారీ
డొంకూరు నుంచి ఫోను వస్తుంది.
"ఏమయ్యా, మళ్లీ ఎప్పుడు?
కిందటిది కాస్త చిన్నదైపోనాది."