ముందుగాల పనేందో చెప్పు

వరంగల్ స్టేషన్ రోడ్డుల
బేరింగుల దుకాణానికి ఆనుకొని ఉన్న
సగం షట్టర్ నాది.
చేతొడుగులు, చెవుల బిళ్లలు, రబ్బరు బూట్లు,
గోడ నిండ మొలలకు వేలాడే కండ్లద్దాలు.
పొద్దుగాల లైటేయంగనే
అన్నీ ఒక్కపారి నా దిక్కే చూస్తయి,
వెనుక మనుషులు లేని చూపులు.

"అక్కా, అద్దాలియ్యి, మంచియి" అంటరు.
మంచియంటే ఏంటియి?
గోడ మీదియన్నీ మంచియే,
తప్పు పనికి పెట్టుకుంటే అన్నీ చెడ్డయే.
ముందుగాల పనేందో చెప్పు,
ధర తర్వాత మాట్లాడుకుందం.

ఓదెలు నల్లటియి అడిగిండు,
ఫోటోల మంచిగ పడ్తడట.
కరీంనగర్ తొవ్వల గ్రానైటు కోసే షెడ్డు వానిది,
పట్టపగలు గూడ అండ్ల సగం చీకటే.
నల్లద్దం పెట్టుకుంటే
బండ ఏడ ఆగిందో, వేలు ఏడ మొదలైందో ఎట్ల తెలుస్తది?
"తెల్లయి తీస్కో. పక్కలకు రెక్కలున్నయి సూడు.
రాయి ఎదురుంగ రాదు బిడ్డా,
పక్కపొంటి వస్తది, తెలిసినోని లెక్క."

యాకూబ్ పాషాకు నేను చెప్పేదేముంది,
ముప్పై ఏండ్లు మంటను చదివిన కండ్లు.
పదో నంబరు అద్దం, పదకొండో నంబరు అద్దం
ట్యూబులైటుకు ఎత్తి పట్టి
ఖర్బూజ మాగిందా లేదా చూసినట్టు చూసి
పదకొండును జేబులేసుకున్నడు.
"అతుకు పెట్టినంక చిట్టెం కొట్టేటప్పుడు
ముసుగు పైకి లేపుతవు గదా భాయ్,
అప్పుడు కండ్ల మీద ఏముంటది?"
కొద్దిసేపు నా మొఖం చూసిండు.
"ఎవ్వలడగలే ఇన్నేండ్లు" అని
తెల్లద్దాలు గూడ ఒక జత కట్టియ్యమన్నడు.

పరకాల మొగిలికి పత్తికి మందు కొట్టుటానికి గావాలె.
చుట్టూ రబ్బరున్నది ఇచ్చిన, రంధ్రాలున్నది ఇయ్యలే.
గాలికెదురుంగ కొట్టకని గూడ చెప్పిన.
విన్నడో లేదో,
బస్సు కదుల్తుందని ఉరికిండు.

ఇగ సారవ్వ.
ఎనుమాముల యార్డుల మిర్చి కుప్పల కాడ ఊడుస్తది.
ఆమె లోపటికి రాకముందే ఘాటొచ్చింది,
నాకే రెండు తుమ్ములు.
ఆపరేషనైన కన్ను, ముక్కు మీద సోడాబుడ్డి అద్దాలు,
వాటి మీదికెల్లి ఇంకోటి పట్టాలె.
రంధ్రాలున్నది పెడితే దుమ్ము జొర్రుతది,
మూసినది పెడితే
అన్నం గిన్నె మూత లెక్క ఆవిరి పడుతది.
అబద్ధమాడలే నేను:
"అవ్వా, అన్నిటికి ఆగేది నా గోడకు లేదు.
గీ వంకర దారి రంధ్రాలది జర నయం,
పూటకోసారి తుడుసుకోవాలె."

పెట్టుకొని తల అటిటు తిప్పింది.
చీటీ మీద రెండు వందల నలభై చదివింది.
"మిరపకాయ ధర బోర్డు మీద రాస్తరు,
నా కండ్ల ధర నీ గోడ మీద రాసినవా?"
నేను తగ్గించేలోపే
కొంగు ముడి ఇప్పి నాలుగు అరవైలు లెక్కవెట్టింది.
"నలుగురం కొంటున్నం, వంతులేసుకుంటం.
నలుగురి తలకాయలకు ఆగే పట్టీ ఉన్నదా?"

కండ్లకు నంబర్లున్నయి, మంటకు నంబర్లున్నయి,
గిసొంటి బేరానికి ఏ డబ్బా మీద ఏమీ రాయలే.
బాగ సాగే లాస్టిక్ ఎతికి కుట్టిచ్చిన,
తుడుసుటానికి మెత్తటి గుడ్డలు నాలుగు వేసిన.
నలుగుర్ల ఎవల వంతు లేని పొద్దు
ఎవల కన్ను మండుతదో,
గది నేనడగలే.

రాత్రి తొమ్మిదైంది.
షట్టర్ గుంజుటానికి మొఖం పైకెత్తిన,
తుప్పు పెచ్చు
తిన్నగ వచ్చి ఎడమ కంట్ల పడ్డది.
ఒంటి కన్నుతోని గోడను పట్టుకొని నిలబడ్డ.
బేరింగుల సదానందం నీళ్ల సీసా పట్టుకొచ్చి
నవ్వు ఆపుకోలేక చస్తున్నడు:
"గోడ నిండ అద్దాలే గదనే!"

ఉన్నయి.
పన్నెండేండ్ల సంది షట్టర్ గుంజుతున్న,
గది గూడ పనేనని
నాకు నేను చెప్పుకోలే.