సోపానాలకు మార్కులు

జ్ఞానాపురంలో పొద్దున తుడిచిన బల్ల మీద
మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకోవచ్చు.
పోర్టు బొగ్గు.
ఆ బల్ల మీదే పెట్టారు సుధాకర్ గారు
నా ఏడాది మొత్తాన్ని ఒక్క కాగితం చేసి.

చురుకుదనం: అయిదుకి రెండు.
సమయపాలన: రెండు.
సంస్థ పట్ల అంకితభావం: ఒకటిన్నర.
ఆ అర ఎక్కణ్ణుంచి వచ్చిందో
లెక్కల టీచర్ని, నాకే అంతుపట్టలేదు.

కింద ఇరుకు రాతలో,
మూడో అంతస్తు చేరుటలో జాప్యం.
కుర్చీలో కూర్చుని బోధన.
తరచు తరగతి విడిచి వెళ్ళుట.
ఎందుకు వెళ్ళానో రాయడానికి
ఆయన కలానికి సిగ్గేసింది కాబోలు.
కడుపు అనే మాట
కాగితమంతా వెతికినా లేదు.

నాకిప్పుడు ఏడో నెల.
పోయినేడు ఇదే ఫారం మీద నాలుగున్నర.
అప్పుడూ ఇదే కళ్ళజోడు, ఇదే గొంతు,
అదే ఢిల్లీశ్వర్రావు,
ఏడు నుంచి ఎనిమిదికొచ్చాడు గానీ
మైనస్సూ మైనస్సూ గుణిస్తే ప్లస్సవుతుందంటే
ఇప్పటికీ నమ్మడు.
స్టాఫ్‌రూమ్ నుంచి నాకు కుర్చీ మోసుకొచ్చింది మాత్రం వాడే,
ఎవరూ చెప్పకుండా.

"ఏం లేదు హైమావతి గారూ, ఫార్మాలిటీ.
మీరెలాగూ జనవరి నుంచి సెలవేగా,
ఇంక్రిమెంట్ ఒక్క ఏడాది ఆగితే ఏమౌద్ది?
ఇక్కడ సంతకం."
కాగితం ఎగరకుండా పేపర్‌వెయిట్ పెట్టారు.
గాజు లోపల ఓ పువ్వు. ఎటూ పెరగని పువ్వు.

ఆ సమయానికి నాకు ఏడుపు రావాలి.
ఆకలేసింది.
నిజం చెప్తున్నా, మాడుగుల హల్వా తినాలనిపించింది,
నెయ్యి వేళ్ళకంటేలా.

తర్వాత చెయ్యి అలవాటుగా ఎర్రకలం తీసింది.
పదకొండేళ్ళుగా పిల్లలకి చెప్పేది ఒకటే,
జవాబు తప్పినా పర్లేదురా,
సోపానాలు రాయండి.
సోపానాలకు మార్కులుంటాయి.

కాగితం వెనక్కి తిప్పాను.

మూడో అంతస్తుకు సోపానాలు అరవై ఆరు.
రోజుకు నాలుగుసార్లు, రెండువందల అరవై నాలుగు.
జూన్ నుంచి బడి నడిచిన రోజులు నూట పన్నెండు.
గుణించగా
ఇరవై తొమ్మిది వేల అయిదువందల అరవై ఎనిమిది.
సింహాచలం కొండకి వెయ్యి మెట్లంటారు.
ఇరవై తొమ్మిదిసార్లు మొక్కు చెల్లించి
ముప్పయ్యోసారి సగం కొండ దాటి నిలబడి
ఈ ఫారం నింపుతున్నాను.
ఎక్కినవాళ్ళం ఇద్దరం.
రెండోవారి మెట్లు కలపలేదు.

యూనిట్ టెస్టులో తప్పినవాళ్ళు ముగ్గురు,
పోయినేడు తొమ్మండుగురు.
రిజిస్టరు మీ బీరువాలోనే ఉంది.
కింది అంతస్తులో తరగతి ఇమ్మని
ఆగస్టులో నేనిచ్చిన ఉత్తరం కూడా.

సంతకం చేశాను.
పక్కన: చదివాను. ఒప్పుకోలేదు.
తేదీ.

సుధాకర్ గారు ఎర్రసిరా చూసి
పేపరందుకున్న పిల్లాడిలా
ముందు మార్కుల కోసం వెతికారు.
నేను వెయ్యలేదు.
"మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి చెప్తా."
చెప్తారో లేదో.
"ఒక జెరాక్సు ఇప్పించండి" అన్నాను.

వరండాలో సన్యాసమ్మ చీపురు గోడకానించి అడిగింది,
"సంతకం ఎట్టీసినావేటి పంతులమ్మా?"
"ఎట్టీసినాను."
"అయ్యో. మరింకేటున్నాది."
"ఎనకాల లెక్క కూడా ఏసీసినాను."
ఆవిడ నవ్వలేదు.
నా సంచి అందుకుని ముందు నడిచింది.

ఆరో పీరియడ్ గంట.
ఎనిమిది బి.
పన్నెండో మెట్టు దగ్గర ఆగాను.
చేతిలో జెరాక్సు ఇంకా వెచ్చగా ఉంది.
వంతెన మీంచి గూడ్సు పోతోంది,
పెట్టెలు లెక్కపెట్టబోయి మానేశాను.

పైన ఎక్కడో
కుర్చీ ఈడ్చిన చప్పుడు.