పంపని శబ్దానికి ఎత్తిన వేలు

తిరుపతి ఆసుపత్రిలో రెండో అంతస్తు చివర
తలుపుకు రబ్బరు అంచున్న గది.
లోపల కూర్చుంటే అలిపిరి హారన్లుండవు,
రైల్వే స్టేషను మైకుండదు,
ఎవరి గోవిందా వాళ్ళ గొంతులోనే ఆగిపోతుంది.

అద్దానికి ఇవతల నేను. మీటలు నొక్కడం నా ఉద్యోగం.
వినపడితే వేలెత్తాలి.
ఎత్తితే పది తగ్గిస్తాను, ఎత్తకపోతే ఐదు పెంచుతాను.
మనిషి ఎక్కడ తెగిపోతున్నాడో అక్కడొక గుర్తు,
కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమకు నీలం ఇంటూ.
ముగ్గులు వేసిన చేయే ఇది.
ఈ చుక్కలు కలిపితే మాత్రం పువ్వు రాదు,
ఘాట్ రోడ్డే వస్తుంది, ఎప్పుడూ కిందికి దిగేది.

నలభై ఏడో మనిషి చెంగల్రాయుడు.
చిత్తూరు పక్కన గ్రానైటు ఫ్యాక్టరీలో
ఇరవై ఆరేళ్ళు రంపం దగ్గర.
చెవుల్లో దూది పెట్టుకునేవారా, అని ఫారంలో ప్రశ్న.
గట్టిగా రెండుసార్లు అడిగాను.
"పెట్టుకుంటే మేస్త్రీ పిలిచేది ఇనపడదు గదా మేడం."

పక్కకి ఒత్తిగిలితే చాలు
ఫ్యానూ, దూలమూ, పటంలో దేవుడూ గిర్రున.
"మొదటి దినం భూకంపమనుకొని బయటికి పరిగెత్తినా.
వీధిలో అందరూ సుమ్మనే నిలబడుండారు."

డాక్టర్ హఫీజా కాగితం మీద బొమ్మ గీసింది.
నత్తగుల్ల పక్కన చిన్న రాళ్ళుంటాయి,
ఆవగింజ వాటి ముందు కొండ.
అవి చోటు తప్పితే లోకం చోటు తప్పుతుంది.
చెంగల్రాయుడు కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు.
"బయట కోసిన రాళ్ళు చాల్లేదా,
లోపల గూడా క్వారీ పెట్నాడా సామి!"

ఆ రోజు నేను కాగితం తిప్పితే ఆయన వేలు లేచింది.
కళ్ళద్దాలు సర్దుకుంటే లేచింది.
ఏ శబ్దమూ పంపలేదు నేను.
తప్పుడు జవాబులు ఎన్ని? గడిలో ఏడు అని వేశాను.
బయటికొచ్చాక అడిగితే, తువ్వాలు మడత పెడుతూ,
"మీ చెయ్యి కదిలేది చూస్తా ఉంటి.
అంతసేపు నా కోసరం నొక్కతా ఉండారు,
ఒకటీ ఇనపడలేదంటే మీకు మాట వస్తాదేమో అని."

కుర్చీ గోడవైపు తిప్పడం మరిచింది నేను.
ఏడు తప్పులూ నావి.
కారణం: మర్యాద, అని రాయబోయాను.
కంప్యూటరు మాట తీసుకోలేదు, అంకె అడిగింది.

మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి గోడకేసి.
డెబ్బై దాటేదాకా వేలు తొడమీదే ఉంది.
ఆ వీపు చూస్తూ పెంచుతూ పోయాను.

తర్వాత కవరు.
సగం మందికి తల నిజంగా తిప్పుతారు, రాళ్ళు ఇల్లు చేరేలా.
సగం మందికి తిప్పినట్టు తిప్పుతారు.
ఎవరికేదో నాకు తెలియదు, తెలియకూడదు.
సంతకానికి ముందు ఈ మాటలన్నీ ఆయనకు
చదివి వినిపించాను.
చదివి, వినిపించాను!
ఆయన తలూపాడు. వేలెత్తినట్టే.

నెలకి షణ్ముగమ్మ చిత్తూరు మండీ బెల్లం తెచ్చింది.
"తిరగడం నిలిచిపోయిందమ్మా, మీ చెయ్యి చల్లన."
చెంగల్రాయుడు గోడ పట్టుకొని వచ్చాడు, గోడ పట్టుకొని పోయాడు.
జాబితా తెరిస్తే
ఇద్దరిదీ ఉత్తుత్తి తిప్పుడే.
బెల్లం అప్పటికే తినేశాం.

ఆ సగం మందినీ వెనక్కి పిలిచాం.
ఆయన ఫోను మోగీ మోగీ ఆగేది.
చివరికి మనవరాలెవరో ఎత్తింది.

డాక్టరు తల పట్టి పడుకోబెట్టింది,
మెడ అంచు దాటించి ఒక పక్కకు, మరో పక్కకు.
కళ్ళు కొట్టుకున్నాయి, నీళ్ళు తగిలిన దీపంలా.
నిలిచాయి.
చాలాసేపు లేవలేదు ఆయన,
నమ్మకం చాలక.

చెవులు రాలేదు. అవి ఇంకా రావు.
అది వేరే ఫైలు, వేరే ఎలుకలు, వేరే ఊరి ప్రయోగశాల,
మరో పదేళ్ళో, ఎన్నో.

వెళ్తూ తువ్వాలు బల్లమీద మరిచాడు.
"చెంగల్రాయుడన్నా" అని పిలిచాను.
వరండా మధ్యలో నడుస్తున్నాడు,
రెండు గోడలకూ దూరంగా,
కొత్తగా చేతులు ఊపుకుంటూ.
రెండోసారి పిలవలేదు.
తువ్వాలు తీసుకొని పరిగెత్తాను.