అరవై నాలుగో వంతు

లోవరాజు మేస్త్రి మా కొట్టుకొచ్చి
జాకెట్ల గుట్ట పక్కకి జరిపి
మిషను మీద ఒక చెక్క ముక్క పెట్టాడు.
"ఇది ముక్కు. మిగతా ఓడ ఇంటికాడుంది.
తెరచాపలు నువ్వు కుట్టాలమ్మాజీ."

నవ్వొచ్చింది.
నడుం కొలతలు తెలిసినదాన్ని,
గాలి కొలతలు నాకేం తెలుసు?

ఆయన చెవి మీది పెన్సిలు తీసి
నా కొలతల పుస్తకంలో
ఎవరిదో చంక కొలత పక్కనే రాశాడు:
అరవై నాలుగు అడుగులకి ఒక అడుగు.
"దీని మీద కళాసీ అంటే నీ బొటనవేలి కణుపంత.
వాడి చేతికి తగ్గ కుట్టు వెయ్యి."

ఆ రాత్రి కూర్చుని లెక్క కట్టాను.
నేను రోజూ వాడే దారం
అక్కడ వేలెడు లావు మోకు.
నా సూది గునపం.
తుమ్మితే తుపాను.
మిషనుకి గుడ్డ కప్పేసి
మా మామగారి పాత పంచె, అరిగి పొరలా అయినది,
కత్తిరించి చేత్తోనే మొదలెట్టాను.

ఓడ పేరు ముత్యాలమ్మ. రెండు కొయ్యలది.
తాళ్ళరేవులో ఆయన తాత
కాగితం మీద ఒక్క గీత గియ్యకుండా
కంటితో, జానతో, మూరతో కట్టిందంట.
రంగంలో బియ్యం దింపి
టేకు దూలాలు మోసుకొచ్చేదంట.
ముసలిదయ్యాక విప్పేశారు.
ఒక పలక మా బోదె మీద వంతెనయింది.

దాని మీంచే నేను బడికెళ్ళాను.
దాని మీంచే, పెళ్ళయిన ఏడాది,
మిషను తలకాయ నెత్తిన పెట్టుకుని ఇటొచ్చాను.
అడుగు పడితే డబ్బుమని మోగేది,
కప్పలు నీళ్ళలోకి దూకేవి.
ఓడ ఎక్కి దిగుతున్నానని ఎవరన్నా చెప్తేగా!

మేస్త్రి పంచాయతీ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి
అప్పు చేసి సిమెంటు పలక పోయించి
ఆ చెక్క తీసుకుపోయాడు.
కోసి, చిత్రిక పట్టి, అగ్గిపుల్లంత బద్దలు తీశాడు.
కోస్తుంటే గుగ్గిలం వాసనొచ్చిందంటాడు.
నాకైతే కాలవ బురద వాసనే వచ్చింది.

ఎడమ పక్క ఏడో వరసలో
పలక కురచైతే తాత జానెడు అతుకేశాడు.
ఆ ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీని సంగతి.
మేస్త్రి కంటికి భూతద్దం కట్టుకుని
పెసరగింజంత అతుకు చెక్కాడు.
విరిగింది. మళ్ళీ చెక్కాడు. మళ్ళీ విరిగింది.
ఎందుకు మేస్త్రీ, తిన్నగా వేసెయ్ అన్నాను.
"తప్పుని కూడా కొలత ప్రకారమే తగ్గించాలి.
లేపోతే ఇది ఎవరి ఓడో అవుద్ది."

పైపలకలు మూసేముందు
వంటవాడి మూలకి బొంత ఒకటి కుట్టమన్నాడు,
కణుపంతది.
"లోపల ఎవరికి కనబడుద్ది?"
"పడుకునేవాడికి."

కాకినాడ నుంచి రొయ్యల కంపెనీ ఆయన వచ్చాడు.
ఆఫీసు ముందు గదిలో గాజుపెట్టెలో పెడతాడంట.
చాపలు ఇంకా ఉబ్బాలి అన్నాడు,
క్యాలెండరు బొమ్మలో లాగ.
గంజి పెట్టి, టీ గ్లాసుల మీద బోర్లించి ఆరేశాను.
ఉబ్బాయి.
ముందు ముక్కోణపు చాప ఒక్కదానికి మాత్రం పెట్టలేదు.
కోరంగి ఏట్లో పోటు కోసం ఆగిన ఓడకి
ఒక గుడ్డ అలా వేలాడుద్దని
మేస్త్రి ఎప్పుడో చెప్పాడు.
కంపెనీ ఆయన చూడలేదు.
మేస్త్రి చూశాడు, ఏమీ అనలేదు.

కారెళ్ళిపోయింది.
సిమెంటు అప్పు తీరింది.
నాకు మూడు వందలు, మిగిలిపోయిన కప్పీ ఒకటి ఇచ్చాడు,
మిరియం కన్నా చిన్నది.
హుక్కుల డబ్బాలో వేశాను.
హుక్కు కోసం చెయ్యి పెడితే
ముందు అదే తగులుతుంది.

పొద్దున్నే పిల్లలు బోదె దాటుతున్నారు.
సిమెంటు గట్టిదే. చాన్నాళ్ళుంటది.
మోగదు.