నూట పద్దెనిమిదో వరస

ఈ పొద్దు రెండు వరసలు అల్లినా.
మొత్తం తొంభై మూడు.
నూట పద్దెనిమిది దాకా పొయ్యినోడు తొంభై మూడు అంటా వుండాడే అనొద్దు,
చెప్తా.

చిత్తూరులో మే నెల. అరుగు మీద నేను, ఒళ్ళో ఉన్ని.
కస్తూరి కాఫీ గ్లాసు పక్కన పెట్టి
"కుంపటెత్తి ఒళ్ళో పెట్టుకున్నట్టుండావు" అనేసి పాయె.

ముప్పై ఒక్క ఏండ్లు టికెట్లకు బొక్కలు కొట్టిన చెయ్యి ఇది.
చిత్తూరు – మదనపల్లి, ఫస్టు బస్సు.
బంగారుపాళేనికి ఒక తావున, పలమనేరుకు ఇంకో తావున.
ఇప్పుడు ఉన్నికి కొడతా వుండా.
సూది మీద పోగు ఊరికే ఒక చుట్టు చుడితే కన్నం,
పక్కనే రెండు కుట్లు జతచేస్తే లెక్క సరి.
ఒకరెక్కితే ఒకరు దిగాల.
తేడా వొస్తే జేబులోంచి పోతాది.
ఈ లెక్క నాకెవురూ నేర్పించబళ్ళేదు.

శాలువ మొదలుపెట్టింది నేను గాదు.
రిటైరయ్యే నెల, డిపో బీరువా సర్దతా వుంటే
క్యారియరు మూతలు, ఒంటి చెప్పులు, ఒక తాళంచెవుల గుత్తి,
వాటి కింద గళ్ళ సంచి.
దాంట్లో రెండు సూదులు, పావురం ఈక రంగులో సగం శాలువ,
పెన్సిలు గీతల కాగితం, అరవై ఆరు దగ్గర టిక్కు.

ఎవురిదో నాకు తెలుసు.
మూడో సీటు, కిటికీ పక్కన, ఎస్తేరు సిస్టరు.
మొగిలి ఘాటు మలుపుల్లో గూడా చేతులకేసి చూసేది గాదు.
చిల్లరిస్తే "ఇరవై మూడు, ఇరవై మూడు" అని గొణుక్కుంటానే తీసుకునేది.
ఒక సోమవారం రాలేదు. పై సోమవారం గూడా.
ఆసుపత్రికి పొయ్యి అడిగితే బదిలీ అన్నారొకరు,
ఇంకొకరు ఏమీ అనలేదు.

సూది పట్టుకుంటానే వొస్తాదా?
ముందు వాచిమేను మునెప్ప మనవడికి టోపీ.
అది టెంకాయకు గూడా పట్టలేదు.
మేజోళ్ళు రెండు అల్లితే ఒకటి నాది, ఒకటి ఎవురిదో.
చేతుల్లేని స్వెట్టరు డ్రైవరు దొరస్వామికిచ్చినా,
పలమనేరు చలికి వేసుకుంటాడని.
మడిచి సీటు కింద వేసుకున్నాడు. మెత్తగా వుండాదంట.
చర్చి వీధి అంగట్లో ఉన్ని అడిగితే
"ఇంట్లో ఆడోళ్ళు ఏ నంబరు చెప్పినారు సార్?" అన్నాడు.
నాకేనయ్యా అన్నా.
మళ్ళీ ఒకసారి చూసి, ఐదు రూపాయలు తగ్గిచ్చినాడు.

ఆ రంగు దొరకలేదు. దగ్గర్ది దొరికింది.
ఆమె కుట్లు బిగువు, నావి వొదులు.
అరవై ఏడో వరస కాడ తెలిసిపోతాది,
తారురోడ్డు అయిపొయ్యి మట్టిరోడ్డు తగిలినట్టు.
కస్తూరి కండ్లు మూసుకోని తడిమి
"ఇక్కణ్ణించి నువ్వు" అనింది.

మొన్న నూట పద్దెనిమిదిలో వుండంగా చూసినా,
తొంభై రెండులో ఒక కుట్టు జారిపొయ్యింది.
విప్పాల్సిందే.
లాగతా వుంటే ఉన్ని ఆగదు, బ్రేకులు పట్టని బండి మాదిరి.
చెయ్యి వొణికింది. ఆమె దాకా పోతాదేమోనని.
సగంలో నిలిపి, కస్తూరి మల్లెపూలు కట్టే దారమెత్తుకొని
అరవై ఆరో వరస కుట్లన్నిట్లో దూర్చినా, ఒక్కటీ వొదలకుండా.
ఇంక ఎంత చెడగొట్టినా
ఆడికొచ్చి నిలబడిపోతాది.

దూరస్తా వుంటే ఇంకోటి కనబడింది.
కింద, ఆమె నలభయ్యో వరసలో
ఒక కన్నం లేదు. వుండాల్సిన తావులో మూసుకోని వుండాది.
ఆ పొద్దు లెక్కలో వుండంగా
ఎవురో చిల్లర అడిగుంటారు.
నేనే ఏమో.

దాన్నట్లే వుండనిచ్చినా.

ఎండ అరుగెక్కింది. లోపలికి రమ్మంటా వుండాది కస్తూరి.
సగం వరసలో నిలపగూడదు.
ముప్పై ఒకటి, ముప్పై రెండు,
పోగు చుట్టు,
రెండు జత.